పలక మీద ఎనభై మూడు

"గడియ నేనే పెట్టాను సార్," అంది చిన్నకోడలు, లాకప్ ఊచలు పట్టుకుని.

ఈ మాట ఆమె చెప్పడం నాలుగోసారి. నిన్న సాయంత్రం ఇన్‌స్పెక్టరుకి చెప్పింది, కాగితం మీద రాసి సంతకం పెట్టింది, పొద్దున మహిళా కానిస్టేబులుకి చెప్పింది, ఇప్పుడు నాకు. నిజం చెప్పే క్లయింటు దొరికితే డిటెక్టివుకి పని తేలిక అనుకునేవాళ్ళు నా ఉద్యోగం ఒక్కరోజు చేసి చూడాలి. ఈమె తన నిజంతో తన మెడకి తనే ఉరితాడు పేనుకుంటోంది.

గోడ గడియారం పదీ ఇరవై చూపిస్తోంది. మధ్యాహ్నం మూడింటికి కోర్టులో హాజరుపరుస్తారు. హత్య కేసు. ఆ తర్వాత ఈమెను బయటికి తేవడం మా తాత దిగొచ్చినా కాదు.

సంగతి ఇదీ. నిన్న మధ్యాహ్నం వాళ్ళ పెరట్లో కంపోస్టు షెడ్డు తగలబడింది. రాలిన ఆకులూ, కూరగాయల తొక్కలూ కుళ్ళబెట్టి మొక్కలకి ఎరువు చేసుకునే షెడ్డు. లోపల ఆమె మామగారు ఊపిరాడక పోయారు. మిల్లులో ముప్ఫై ఏళ్ళు టైమ్‌కీపరుగా చేసి రిటైరైన మనిషి. తలుపుకి బయట గడియ పెట్టి ఉంది. ఆ సమయంలో ఇంట్లో ఉన్నది ఈ చిన్నకోడలు ఒక్కతే. ఆమె భర్త సరుకుల ఓడలో వంటవాడు. సముద్రం మధ్యలోంచి నాకు ఫోన్ చేసి, "మా ఆవిడ ఆ పని చెయ్యదు సార్" అన్నాడు. అంతలో లైను కట్టయింది.

"ఎన్నింటికి పెట్టావమ్మా గడియ?"

"రెండూ అయిదుకి. ఆరిన బట్టలు తీసుకొస్తున్నాను. షెడ్డు తలుపు తీసి ఉంది. పక్కింటి కుక్క దూరి తొక్కలన్నీ పీకి పోస్తుంది. ముందురోజే అత్తయ్య కేకలేశారు, తలుపు వెయ్యడానికి ఎవరికీ చేతులు లేవా అని. అందుకని గడియ తోసేశాను."

"లోపలికి చూశావా?"

"చూడలేదు. 'మామయ్యా' అని ఒక్క కేక వేశాను. పలకలేదు. ఆయన ఎరువు కుప్ప వేడి చూడ్డానికి పొద్దున ఆరింటికి, పన్నెండింటికి, సాయంత్రం ఆరింటికి వెళ్తారు. అటూ ఇటూ నిమిషం తేడా ఉండదు. రెండింటికి ఎందుకుంటారులే అనుకున్నాను."

"ఆయనకి చెవులు సరిగ్గా వినపడవు కదా?"

ఆమె తల వంచుకుంది. "తెలుసు సార్."

"తర్వాత?"

"ముందు గదిలో మిషన్ మీద కూర్చున్నాను. స్కూలు యూనిఫారాలు నలభై జతలు కుట్టాలి. మోటారు మిషన్, అది తిరుగుతుంటే పక్కన పిడుగు పడ్డా వినపడదు. రెండూ నలభైకి పొగవాసన వచ్చి పరుగెత్తాను." ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "ఒక్కసారి మిషన్ ఆపినా వినపడేది సార్, ఆయన తలుపు కొట్టడం. దారం తెగినా వినపడేది. నిన్న ఒక్కసారి కూడా తెగలేదు."

పంతొమ్మిదేళ్ళు ఫైర్ సర్వీసులో చేశాను. పొగ మింగీ మింగీ ఊపిరితిత్తులు మొరాయిస్తే మానేసి ఈ పనిలోకి దిగాను. నిప్పు పెట్టినవాళ్ళు ఎలా ఏడుస్తారో నాకు తెలుసు. వాళ్ళు ఇలా దారం గురించి ఏడవరు.

"ఆ కుప్పకి ఎప్పుడో నిప్పు పెట్టేస్తానని అన్నావట? పక్కింటావిడ సాక్ష్యం చెప్పింది."

"అన్నాను. ఆ కంపు నా కిటికీలోంచే వచ్చేది. ఒళ్ళు మండి అన్నాను. ఒళ్ళు మండితే అందరూ అనే మాటే కదా సార్ అది?" అని ఊచల మీద నుదురు ఆనించింది. "నాకేం జరిగినా ఫర్వాలేదు. నిప్పు మాత్రం నేను పెట్టలేదని మా ఆయనకి చెప్పండి. గడియ సంగతి నేనే చెప్పుకుంటాను."

పదిన్నరకి స్టేషన్ నుంచి బయటపడ్డాను. వాళ్ళింటికి చేరేసరికి పదీ యాభై అయిదు.

తలుపు తీసింది అత్తగారు. నిన్న భర్త పోయి, ఇవాళ కోడలు లాకప్‌లో ఉన్న మనిషి. ఆవిడ ముఖంలో దుఃఖం ఉంది, నేను కాదనను. కానీ నా కళ్ళలోకి చూడటం లేదు. పెద్దకొడుకు ఎక్కడని అడిగితే, "ఆస్పత్రికి వెళ్ళాడు బాబూ, ఆయన్ని తీసుకురావడానికి" అంది. అతనికి మూడు వీధుల అవతల ఫర్నిచరు పాలిష్ షాపు ఉందట.

"నిన్న రెండు గంటలప్పుడు మీరెక్కడున్నారమ్మా?"

"పెద్దాడి ఇంట్లో. పన్నెండున్నరకి వెళ్ళాను. కబురొస్తే మూడింటికి వచ్చాను."

"చిన్నకోడలు చేసి ఉంటుందంటారా?"

ఆవిడ నీళ్ళు నమిలింది. "నేనేం చెప్పను బాబూ. పోలీసులు అంటున్నారు." ఇంట్లో పిల్లని గురించి ఒక మంచి మాట గానీ చెడ్డ మాట గానీ చెప్పలేక అవస్థ పడుతోంది. ఆవిడ్ని కాఫీ పెట్టమని లోపలికి పంపి నేను పెరట్లోకి నడిచాను.

షెడ్డు పన్నెండడుగుల పొడవు, ఎనిమిదడుగుల వెడల్పు. ఇటుక గోడలు, రేకు కప్పు, రేకు తలుపు. కప్పు రేకు ఒకటి ఫైర్ వాళ్ళు లేపేశారు, అందులోంచి ఎండ పడుతోంది. తలుపు మీద తెల్లరంగుతో మిల్లు నోటీసులా రాసి ఉంది: 'రోజుకు మూడుసార్లు వేడి చూడవలెను. అరవై అయిదు దాటిన తిరగవేయవలెను. నూనె గుడ్డలు, బొగ్గులు, పొయ్యి బూడిద వేయరాదు.' రిటైరైనా టైమ్‌కీపరు టైమ్‌కీపరే.

లోపల వరసగా మూడు చెక్క తొట్లు. మధ్య తొట్టి దాదాపు ఖాళీ, మూలన ఒక గంపెడు మాత్రం మిగిలింది. కుప్పని ఎవరో ఎత్తుకుపోయారు. మోకాళ్ళ మీద కూర్చుని చెక్కల్ని గోటితో గీకాను. తొట్టి లోపలి వైపు చెక్క బొటనవేలు మందం బొగ్గయింది. బయటి వైపు రంగు మాత్రం మారింది. ఎక్కువ కాలింది నేల దగ్గరా కాదు, పైనా కాదు. మోకాలెత్తున, కుప్ప నడుం ఉండే చోట.

కిరోసిన్ పోసి అంటించిన నిప్పు పైనుంచి మొదలవుతుంది, కారినంత మేరా నేలని కాలుస్తుంది. ఈ నిప్పు కుప్ప కడుపులో పుట్టింది.

మూలన మిగిలిన గంపెడు ఎరువులో వేలు పెడితే గట్టి ముద్ద ఒకటి తగిలింది. బయటికి లాగాను. కాలిన గుడ్డ పీలికలు, రంపపు పొట్టుతో కలిసి అట్టకట్టి, పైన గాజులా మెరిసే పెంకు. వాసన చూశాను. అవిసె నూనె. చెక్క పాలిష్‌లో వాడే నూనె అది. దానితో తడిసిన గుడ్డని ఉండచుట్టి పడేస్తే అగ్గిపుల్లతో పని లేకుండా తనంతట తనే వేడెక్కుతుంది. అలాంటిది, అప్పటికే అరవై డిగ్రీల్లో ఉడుకుతున్న ఎరువు కుప్ప మధ్యలో పెడితే చెప్పేదేముంది.

మూడో తొట్టి వెనక్కి వంగి వెళ్ళాను. సన్నని సందు. అక్కడ సగం నింపిన తడిమట్టి సంచీ, పక్కన బోర్లా పడిన పలక ఒకటి. చిన్నపిల్లలు అక్షరాలు దిద్దుకునే నల్లరాతి పలక. తిప్పి చూశాను. బోర్లా పడటం వల్ల సుద్దరాత చెక్కుచెదరలేదు.

12-00: 64
1-00: 69
1-30: 75
2-00: 83

మిల్లులో టైమ్‌కీపర్లు షిఫ్టులో అంకెలన్నీ ముందు పలక మీద వేసుకుని, షిఫ్టు దిగాక పుస్తకంలోకి ఎక్కిస్తారు. ఈయన షిఫ్టు నిన్న పూర్తి కాలేదు. పన్నెండు తర్వాతి అంకెలు పుస్తకానికి చేరలేదు.

సరిగ్గా అప్పుడే 'టక్' మని చప్పుడైంది. షెడ్డులో చీకటి పెరిగింది.

సందులోంచి బయటికొచ్చేసరికి తలుపు మూసి ఉంది. తోశాను. కదల్లేదు. బయట గడియ పడింది.

"ఎవరది? లోపల మనిషి ఉన్నాడు!" అని అరిచాను. జవాబు లేదు. రేకు మీద అరచేతులతో బాదాను. ఇంట్లో ఎక్కడో పంపు కింద గిన్నె నిండుతున్న చప్పుడు. మళ్ళీ బాదాను. కప్పు తెరిచి ఉంది, గాలి ఆడుతోంది, నాకేం కాదు. అదంతా తెలిసి కూడా భుజంతో తలుపుని గుద్దాను. నిన్న ఈ తలుపుకి ఇటువైపు, ఇదే చోట ఆ పెద్దాయన నిలబడి కొట్టాడు. అప్పుడు కప్పు మూసి ఉంది. భయపడ్డానని చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు.

మూడోసారి బాదుతుంటే గడియ లాగిన చప్పుడైంది. తలుపు తెరుచుకుంది. ఎదురుగా ఇన్‌స్పెక్టరు, నడుం మీద చేతులు పెట్టుకుని పళ్ళికిలిస్తూ నిలబడ్డాడు.

"ఏం బావా, నిన్ను కూడా కంపోస్టు చేసేస్తున్నారా?"

ఈయనగారు నా భార్యకి తమ్ముడు. నా పెళ్ళినాటికి ముక్కు చీదుకునేవాడు. ఇప్పుడు మూడు నక్షత్రాలు పెట్టుకుని నన్ను 'బూడిద డిటెక్టివ్' అని స్టేషనంతా పిలిపిస్తాడు. వెనకాలే కాఫీ గ్లాసుతో అత్తగారు వచ్చి, నన్ను చూసి కొయ్యబారిపోయింది.

"మీరు లోపలున్నారా బాబూ? వీధిలోకి వెళ్ళారనుకున్నాను. తలుపు తీసి ఉంటే, కుక్క..." అని తన కుడిచేతి వంక చూసుకుంది. "చూడనైనా చూడలేదు. నా చెయ్యి దానంతటదే పోయింది."

"నిన్న మీ కోడలి చెయ్యి కూడా అలాగే పోయిందమ్మా," అన్నాను.

ఆవిడ గ్లాసు గట్టు మీద పెట్టి కూలబడింది.

ఇన్‌స్పెక్టరుకి ఇదేం నచ్చలేదు. "నాటకాలొద్దు బావా. నీకు పది నిమిషాలిస్తాను, తర్వాత షెడ్డుకి సీలు వేస్తాను. కుప్ప మీద తెల్లటి బూడిద చారలున్నాయి. కాగితాలు వెలిగించి పడేసింది. నూనె వాసన ఉంది. ఆయన పుస్తకంలో ఆఖరి అంకె పన్నెండింటికి అరవై నాలుగు. అరవై నాలుగు డిగ్రీల కుప్ప రెండు గంటల్లో మంటెలా అవుతుంది?"

"అది బూడిద కాదురా, బూజు. కుప్ప బాగా వేడెక్కి ఎండిపోతే లోపల తెల్లగా పడుతుంది. నువ్వు చూసిన నూనె కిరోసిన్ కాదు, అవిసె నూనె. పుస్తకం చూశావు, పలక చూడలేదు. పప్పులో కాలేశావు." పలక వాడి ముక్కు కింద పెట్టాను. "పన్నెండింటికే ఆయనకి అనుమానం వచ్చింది. ఒంటిగంట నుంచి ఇక్కడే కాపలా కాశాడు. రెండింటికి ఎనభై మూడు. ఆ సందులో కూర్చుని కుప్ప మీద పొయ్యడానికి తడిమట్టి నింపుతుంటే రెండూ అయిదుకి గడియ పడింది. ఆయనకి వినపడలేదు. తర్వాత లేచి తలుపు మీది రూలు పాటించాడు. అరవై అయిదు దాటితే తిరగేయమని తనే రాసుకున్నాడు. ఎనభైకి రూలు లేదు. అంత వేడి కుప్పని తిరగేస్తే లోపలికి గాలి పోయి భగ్గుమంటుంది. ఆయన కుప్ప తిరగేసే మూడు పళ్ళ పార ఎక్కడ దొరికింది నీకు?"

"కుప్పలో గుచ్చి ఉంది," అన్నాడు, స్వరం తగ్గించి.

"చూశావా?"

"సరే, నూనె గుడ్డలెవరు వేశారు? కోడలే వేసుండొచ్చుగా?"

"ఆమె దర్జీ. పాలిష్ గుడ్డలు ఆమెకెక్కడివి?" అని అత్తగారి వైపు తిరిగాను. అడగనవసరం లేకపోయింది. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది.

"పెద్దాడు మొన్న సాయంత్రం సంచీడు తెచ్చాడు బాబూ. చెత్తబండి వాళ్ళు షాపు చెత్త తీసుకోవడం లేదు, నాన్నకి చెప్పకు, మధ్యలో కప్పెట్టేస్తే కుళ్ళిపోతుంది అన్నాడు. నేనే పార ఇచ్చాను. నిన్న రాత్రి వాడు నా కాళ్ళ మీద పడ్డాడు. నోరు విప్పితే వాడు జైలుకి, విప్పకపోతే ఆ పిల్ల జైలుకి. మింగలేక కక్కలేక చస్తున్నాను. ఆ పిల్ల నన్ను ఒక్కనాడు పల్లెత్తు మాట అనలేదు."

ఇన్‌స్పెక్టరు టోపీ తీసి తల గోక్కున్నాడు. ఓడిపోయినప్పుడు వాడు చేసే పని అదే. నాకు సంతోషం కలగాలి. కానీ నా కళ్ళు మూలనున్న గంపెడు ఎరువు మీద పడ్డాయి. పెద్దాయన థర్మామీటరు, మూడడుగుల ఇనుప ఊచకి గడియారంలాంటి బిళ్ళ ఉన్నది, గోడకి వేలాడుతోంది. దాన్ని తీసి ఆ గంపెడులో గుచ్చాను. ముల్లు నెమ్మదిగా పైకి పాకింది. డెబ్భై ఎనిమిది దగ్గర ఆగింది.

ఫైర్ వాళ్ళు నీళ్ళు కొట్టి ఇరవై గంటలు దాటింది.

"మిగతా కుప్ప ఏది?" అన్నాను.

"సీజు చేశాను. ఫైర్ వాళ్ళు బయట పలచగా పరిచి తడపాలన్నారు. నేనొప్పుకోలేదు. సాక్ష్యం తడిసిపోతే కోర్టులో నా పరువేం కావాలి? పదకొండు ప్లాస్టిక్ సంచుల్లో పొడిపొడిగా ఉన్నదంతా ఎత్తించి, మూతులు కట్టించి లక్కసీలు వేశాను."

"ఎక్కడ పెట్టావు?"

"స్టేషన్లో. సీజు సామాన్ల గదిలో. ఒకదాని మీద ఒకటి నీటుగా పేర్పించాను."

"అది లాకప్ పక్క గది."

"అవును."

"ఆ గదిలో ఇంకేమున్నాయిరా?"

"పట్టుకొచ్చిన మోటారు సైకిళ్ళు. ఆరో ఏడో."

"పెట్రోలుతోనా?"

వాడు తల ఊపాడు. నేను అప్పటికే స్టేషన్ సెల్‌ఫోన్ నంబరు నొక్కేశాను. మహిళా కానిస్టేబులు ఎత్తింది. టైము పదకొండూ నలభై.

"అమ్మా, సీజు గది తలుపు దగ్గరికి వెళ్ళు. చేతి వెనకవైపు తలుపుకి ఆనించి చెప్పు. అరచెయ్యి వద్దు."

అడుగుల చప్పుడు. తర్వాత చిన్న కేక. "అమ్మో! కాలిపోతోంది సార్, ఇస్త్రీపెట్టెలా. కింద సందులోంచి పొగ వస్తోంది."

"తీయకు! గాలి తగిలితే పేలిపోతుంది. ఫైర్ వాళ్ళకి ఫోన్ చెయ్యి. ముందు లాకప్ తీసి ఆ అమ్మాయిని బయటికి లాగు."

"ఎలా తియ్యను సార్? పోయిన నెల దొంగతనం అయినప్పటి నుంచి తాళాలన్నీ ఇన్‌స్పెక్టరు సారే పట్టుకెళ్తున్నారు. లాకప్‌ది కూడా ఆ గుత్తిలోనే ఉంది."

ఇన్‌స్పెక్టరు చెయ్యి నడుం దగ్గరికి వెళ్ళింది. బెల్టుకి వేలాడుతున్న తాళాల గుత్తి గలగలమంది. స్టేషన్ ఇక్కడికి ఇరవై అయిదు నిమిషాలు.

"నేను సాక్ష్యం పోకూడదని తాళం వేశాను బావా," అన్నాడు, చిన్నపిల్లాడిలా. వాడిని జీపు వైపు తోశాను.

"అమ్మా, దొరికినదానితో తాళం మీద కొట్టండి. దుప్పటి తడిపి లోపలికివ్వు. ఆమెను నేల మీద బోర్లా పడుకోమను. పొగ పైనుంటుంది."

"గోడ పైన కన్నంలోంచి పొగ ఆమె గదిలోకే వస్తోంది సార్. ఒక్క నిమిషం, మీతో మాట్లాడతానంటోంది."

దగ్గు వినపడింది. తర్వాత చిన్నకోడలి గొంతు, నా చెవి పక్కనే ఉన్నట్టు.

"సార్, నేను చప్పుడు చేస్తూ ఉంటాను. వీధిలో ఎవరికైనా వినపడుతుంది కదా? ఎవరో ఒకరు చేస్తున్న పని ఆపి వింటారు కదా సార్?"

"చెయ్యమ్మా. వస్తున్నాం. ఆపకు."

అత్తగారు ఏమీ అర్థం కాకపోయినా అంతా అర్థమైనట్టు గేటు దాకా మా వెనక పరుగెత్తుకొచ్చింది. నేను ఫోను చెవికి అదిమిపెట్టుకుని పరుగెత్తాను. ఊచల మీద దెబ్బలు వరసగా వినిపిస్తున్నాయి. జీపు స్టార్టయ్యేసరికి, లైను ఇంకా ఉండగానే, అవి ఆగిపోయాయి.